బాయిలరు లెక్క, ఆకాశం లెక్క

హైదరాబాదులో ఇంతవరకు నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది ఈ మధ్య వేసవులది కాదు, 1966 జూన్ 2వ తేదీది. మా బావమరిది ప్రతి మే నెలలోనూ ఈ అంకెను నాకు గుర్తుచేస్తాడు. "భూమి వేడెక్కిపోతోందంటున్నారు కదా బావగారూ, మరి ఇన్నేళ్లయినా ఆ రికార్డు ఎందుకు చెరగలేదు?" అని అడుగుతాడు. అతను చదువుకున్నవాడు, లెక్క తెలిసినవాడు, ఎవరో పెద్దవాళ్లు చెప్పారని తలూపే స్వభావం లేనివాడు. అందువల్ల ఆ ప్రశ్నను తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. పైగా పదిహేనేళ్ల క్రితం ఇటువంటి ప్రశ్నలు అడిగినవాణ్ణి నేనే.

నేను ముప్పై ఏళ్లకు పైగా బాయిలర్ల డిజైను పనిచేసి రిటైరయ్యాను. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్య సమితి ఏర్పాటుచేసిన ఐపీసీసీ 2007లో ఇచ్చిన నివేదికలో, హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికే కరిగిపోయే అవకాశం ఉందని ఒక వాక్యం ఉంది. దానికి సరైన ఆధారం లేదని 2010 జనవరిలో ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. మా డిజైను విభాగంలో ఒక్క కొలత తప్పు పడితే ఆ డ్రాయింగు మీద సంతకాలు పెట్టిన వారందరూ జవాబు చెప్పుకోవలసి వచ్చేది; అలాంటిది ప్రపంచ ప్రభుత్వాలన్నిటికీ అందే నివేదికలో ఇంత పెద్ద తప్పు ఎలా దాటిపోయిందో నాకు అర్థం కాలేదు. కొమ్మ పుచ్చి ఉండడం చూసి, వేరు కూడా పుచ్చే ఉంటుందని తీర్మానించుకున్నాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు భూమి విడిచే వేడిని పట్టి ఉంచుతాయనే హరితగృహ ప్రభావమే పొరపాటు సిద్ధాంతమని, ఎండ తీవ్రతలో హెచ్చుతగ్గులో, నగరాల కాంక్రీటో అసలు కారణమై ఉంటుందని నలుగురిలోనూ వాదించాను.

ఆనాటి నా వాదనలో అన్నిటికంటే బలంగా తోచినది పరిమాణం గురించిన మాట. పదివేల గాలి అణువుల్లో కార్బన్ డయాక్సైడ్‌వి నాలుగు. శతాబ్దంన్నర క్రితం అవి సుమారు మూడు. పదివేలలో ఒక్కటి పెరిగితే భూగోళం వేడెక్కుతుందా? వినేవాళ్లు వెంటనే ఒప్పుకునేవారు. ఎందుకంటే మన రోజువారీ అనుభవంలో చిటికెడు వస్తువు బస్తాడు వస్తువును శాసించడం అరుదు.

ఈ వాదనను నేను వదులుకున్నది ఏ శాస్త్రవేత్త ఉపన్యాసమూ విని కాదు. నా వృత్తిలోనే దశాబ్దాల పాటు వాడిన ఒక చార్టును మళ్లీ తెరిచి చూసి వదులుకున్నాను.

బాయిలరు ఫర్నేసులో బొగ్గు మండినప్పుడు పుట్టే వేడి గోడల వెంబడి ఉన్న నీటి గొట్టాలకు చేరే దారుల్లో ముఖ్యమైనది వికిరణం, అంటే వేడి తరంగాల రూపంలో ప్రసరించడం. మండిన వాయువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నైట్రోజనే. కానీ వికిరణం లెక్క కట్టేటప్పుడు మేము నైట్రోజన్ని పట్టించుకునేవాళ్లం కాదు. అది ఆ వేడి తరంగాలను గ్రహించదు, వెదజల్లదు. వాయువుల్లో లెక్కకు వచ్చేవి రెండే రెండు: కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. (బూడిద రేణువుల వాటా వేరు, దాన్ని విడిగా కలుపుతారు.) అమెరికాలో హోయ్ట్ హాట్టెల్ అనే ఇంజనీరు ప్రయోగాల మీద ఆధారపడి తయారుచేసిన చార్టులు ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. ఆ చార్టులో మనం వెతుక్కునేది వాయువు శాతాన్ని కాదు. కిరణం సాగే దారి పొడవునా అడ్డొచ్చే వాయువు మొత్తం ఎంత అన్నదే అక్కడ ప్రశ్న. వాయువు పాక్షిక పీడనాన్ని, అంటే మొత్తం పీడనంలో దాని వాటాను, కిరణ మార్గం పొడవుతో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 14 శాతం ఉన్న ఫర్నేసులో సగటు దారి 10 మీటర్లు అనుకుంటే, అది 1.4 మీటర్ల మందమున్న శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ పొరతో సమానం. ఆ 1.4 మీటర్ల పొర వెదజల్లే వేడిని నమ్మి మేము గొట్టాల విస్తీర్ణం నిర్ణయించాం. ఆ బాయిలర్లు మేము లెక్కగట్టినట్టే పనిచేశాయి.

ఇప్పుడు అదే పద్ధతిలో ఆకాశాన్ని లెక్కవేద్దాం. భూమి మీది గాలి మొత్తాన్ని సముద్రమట్టం దగ్గరి పీడనానికి నొక్కితే అది సుమారు 8.4 కిలోమీటర్ల మందం వస్తుంది. అందులో పదివేలకు 4.2 వంతున కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి పరిస్తే, ఆ పొర మందం మూడున్నర మీటర్లు. అంటే నేలకూ శూన్యానికీ మధ్య, నా ఫర్నేసులో ఉన్నదానికి రెండు రెట్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ అడ్డుగా ఉంది. పారిశ్రామిక యుగానికి ముందు ఆ పొర 2.4 మీటర్లు ఉండేది. మిగిలిన మీటరు పైచిలుకు మందం మనం చేర్చినది. ఈ లెక్కకు కాగితం, కలం, పావుగంట సమయం చాలు. చేసి చూసిన సాయంత్రం నాకు అన్నం సహించలేదు, ఎందుకంటే ఫర్నేసులో ఒప్పుకున్న భౌతికశాస్త్రాన్ని ఆకాశంలో ఒప్పుకోననడానికి నా దగ్గర ఏ కారణమూ మిగలలేదు.

కొద్దిపాటి వాయువు ఎంత పని చేయగలదో చెప్పడానికి మన ఊరికి సంబంధించిన ఉదాహరణ ఒకటుంది. మదురైలో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ ఇంజనీరింగ్ డిగ్రీ తర్వాత సికింద్రాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల కర్మాగారంలో పనిచేశారు. శీతలీకరణ వాయువు యంత్రాల నుంచి ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయన పని. తర్వాత అమెరికా వెళ్లి, 1975లో, ఆ క్లోరోఫ్లోరోకార్బన్ల అణువు ఒక్కొక్కటి వేడిని పట్టి ఉంచడంలో పదివేలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టని చూపించారు. అవి గాలిలో ఉన్నది వందకోట్ల అణువుల్లో ఒకటి కూడా నిండనంత స్వల్ప స్థాయిలో. సికింద్రాబాదు కర్మాగారంలో కారిపోయిన వాయువుకూ భూగోళపు ఉష్ణోగ్రతకూ ముడి వేసిన ఆ మనిషి కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

చదువుకున్న సందేహవాదులు ఇక్కడితో ఆగరు. వాళ్ల తర్వాతి ప్రశ్న మరింత గట్టిది, గౌరవించదగినది కూడా. "ఉన్న కార్బన్ డయాక్సైడే తన తరంగదైర్ఘ్యాల్లోని వేడినంతా ఇప్పటికే పీల్చేస్తోంది కదా, ఇంకా కలిపితే కొత్తగా పీల్చుకోవడానికి ఏముంది?" కిటికీకి ఒక నల్ల తెర వేశాక రెండో తెర వేసినా గది అంతకంటే చీకటి కాదన్నట్టు. ఈ అభ్యంతరం నిన్నటిది కాదు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1896లో లెక్కగట్టాడు. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1900లో, అదే దేశానికి చెందిన క్నుట్ ఆంగ్‌స్ట్రామ్ ప్రయోగశాలలో గొట్టంలో వాయువు నింపి, దాని మొత్తాన్ని మార్చినా పీల్చుకునే వేడి పెద్దగా మారడం లేదని చూపాడు. దరిదాపు యాభై ఏళ్లపాటు ఎక్కువమంది అరీనియస్ మాటను పక్కన పెట్టారు. సందేహానికి శాస్త్రంలో చోటు లేదని ఎవరైనా అంటే, ఈ యాభై ఏళ్లను చూపించవచ్చు.

దీనికి సగం జవాబు హాట్టెల్ చార్టులోనే ఉంది. వాయువు మందం పెరిగేకొద్దీ ఆ వక్రరేఖ వంగుతుంది, కానీ ఎక్కడా పూర్తిగా చదును కాదు. 15 మైక్రోమీటర్ల తరంగం చుట్టూ మధ్యభాగం నిండిపోయినా, అంచుల్లో వాయువు బలహీనంగా పీల్చే తరంగాలు ఎప్పుడూ మిగిలే ఉంటాయి. మిగతా సగం జవాబు నాకు ఆలస్యంగా అర్థమైంది, అది అసలైనది. ఈ తరంగాల్లో భూమి నుంచి శూన్యంలోకి వేడి తప్పించుకునేది నేల దగ్గరి నుంచి కాదు. కింది పొర విడిచిన వేడిని పై పొర పీల్చి, తానూ అటూ ఇటూ విడుస్తూ పోగా, పైన గాలి బాగా పలచబడిన ఒకానొక ఎత్తు నుంచే ఆ తరంగాలు చివరకు బయటపడతాయి. ఎత్తుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుందని మనకు తెలుసు. వికారాబాదు దగ్గర అనంతగిరి ఎక్కినవారికి చిన్న స్థాయిలో ఇది అనుభవమే. వాయువు కలిపితే ఆ బయటపడే ఎత్తు ఇంకా పైకి జరుగుతుంది. అక్కడ మరింత చలి. చల్లని పొర తక్కువ వేడిని విడుస్తుంది. వచ్చే ఎండ మాత్రం అంతే ఉంది కాబట్టి, రాబడి, పోబడి మళ్లీ సమానమయ్యేదాకా కిందనున్నదంతా వేడెక్కక తప్పదు. తెరల ఉపమానం తప్పు ఎక్కడుందంటే, తెర తన వేడిని తాను విడవదు. గాలి పొర విడుస్తుంది.

ఇది కాగితం మీది ఊహ మాత్రమేనా? 1970లో నింబస్-4 అనే ఉపగ్రహం భూమి విడిచే పరారుణ వికిరణాన్ని, అంటే కంటికి కనిపించని వేడి తరంగాలను, తరంగం తరంగంగా కొలిచింది. 1997లో ఒక జపాన్ ఉపగ్రహం మళ్లీ కొలిచింది. ఈ రెంటినీ పోల్చిన ఫలితాలు 2001లో వచ్చాయి. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ పీల్చుకునే తరంగాల దగ్గరే బయటికి పోయే వేడి తగ్గింది. కింది నుంచి పైకి చూసిన కొలతలూ ఉన్నాయి. 2000 నుంచి 2010 వరకు ఓక్లహోమాలోనూ అలాస్కాలోనూ నేలకు దిగివచ్చే వికిరణంలో కార్బన్ డయాక్సైడ్ వాటా చదరపు మీటరుకు 0.2 వాట్ల మేర పెరిగిందని 2015లో ప్రచురించారు. సిద్ధాంతం చెప్పిన తరంగం దగ్గర, చెప్పిన దిశలో, చెప్పినంత. నాకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేకపోయింది.

'హరితగృహ ప్రభావం' అన్న పేరు విషయంలో మాత్రం సందేహవాదుల పక్షమే నాది. హరితగృహం, అంటే మొక్కలు పెంచే అద్దాల గది, వేడిగా ఉండడానికి ప్రధాన కారణం అద్దం పరారుణ కిరణాలను ఆపడం కాదు, వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వకపోవడం. 1909లోనే అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఒక పెట్టెకు అద్దం మూత, ఇంకొక పెట్టెకు పరారుణాన్ని దాటనిచ్చే రాతి ఉప్పు మూత పెట్టి, రెండింటి ఉష్ణోగ్రతల్లో పెద్ద తేడా లేదని చూపించాడు. చేవెళ్ల వైపు పాలీహౌసుల్లో పూలు పండించే రైతులకు ఈ సంగతి వుడ్ చెప్పనవసరం లేదు. వేడి మించగానే వాళ్లు పక్క తెరలు పైకి చుడతారు, గాలి ఆడుతుంది, వేడి దిగుతుంది. ఆకాశానికి పక్క తెరలు లేవు. శూన్యంలోకి గాలి పోదు, వికిరణం మాత్రమే పోగలదు. కాబట్టి పేరు తప్పు, ప్రక్రియ తప్పు కాదు. పేరులోని తప్పును పట్టుకుని ప్రక్రియే లేదనడం సరికాదు. నేను ఒకప్పుడు సరిగ్గా ఆ పనే చేశాను.

చల్లని వస్తువు నుంచి వేడి వస్తువుకు వేడి ప్రవహించదన్న ఉష్ణగతికశాస్త్ర నియమాన్ని కూడా ఈ వాదంలోకి తెస్తారు. మా బావమరిది కూడా తెచ్చాడు. అతనితో నోటి మాటలు పెంచకుండా, కిందటి డిసెంబరులో సైనిక్‌పురిలోని మా డాబా మీదికి తీసుకువెళ్లి, పరారుణ ఉష్ణోగ్రత గన్‌ను చేతిలో పెట్టాను. నిర్మలంగా ఉన్న రాత్రి నడినెత్తిన ఆకాశానికి గురిపెడితే అంకె సున్నాకు బాగా దిగువకు పోయింది. రెండు రోజుల తర్వాత మబ్బు పట్టిన రాత్రి గురిపెడితే సున్నాకు చాలా పైన నిలిచింది. నేల కంటే చల్లనిదే అయినా మబ్బు తన వేడిని కిందికి పంపుతూనే ఉంది. నేల అంతకంటే ఎక్కువ పైకి పంపుతోంది. నికర ప్రవాహం కింది నుంచి పైకే, నియమానికి భంగం లేదు. చలికాలంలో రగ్గు మన ఒంటి కంటే చల్లగా ఉన్నా మనకు వెచ్చదనం ఎలా దక్కుతుందో ఇదీ అలాగే. డిసెంబరులో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులే ఆదిలాబాదు వైపు ఎముకలు కొరికే చలి పడుతుంది. మబ్బు కమ్మితే చలి విరుగుతుంది. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్ల అధికారి, అలహాబాదు ప్రాంతంలో మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి, ఎండుచొప్ప మీద ఆరుబయట పెట్టి, తెల్లవారేసరికి మంచుగడ్డలు తీసే పద్ధతిని వర్ణించాడు. దానికీ పైన నిర్మలమైన ఆకాశమే కావాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ గన్ దూరపు వస్తువుల ఉష్ణోగ్రతను సరిగ్గా చూపాలి గనుక, దాన్ని గాలి పెద్దగా అడ్డుపడని తరంగాలకే స్పందించేలా తయారుచేస్తారు. అందువల్ల మా డాబా మీద మేము చూసినది ప్రధానంగా మబ్బు, నీటి ఆవిరి చేసిన పని, కార్బన్ డయాక్సైడ్‌ది కాదు. ఆకాశం నుంచి వేడి దిగివస్తుందన్న ఒక్క విషయాన్నే అది రుజువు చేస్తుంది.

నీటి ఆవిరి మాట వచ్చింది కాబట్టి, "అసలు వేడిని పట్టేది ఆవిరే కదా" అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. నిజమే, వాటా దానిదే పెద్దది. కానీ ఆవిరి తన మొత్తాన్ని తాను నిర్ణయించుకోలేదు. గాలి చల్లబడితే వానై, మంచై దిగిపోతుంది. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం అధికంగా ఆవిరిని మోయగలదు. కార్బన్ డయాక్సైడ్ వానగా కురవదు. అది వందల ఏళ్లు నిలిచి ఉష్ణోగ్రతను కాస్త జరిపితే, ఆవిరి ఆ జరుగుడును హెచ్చిస్తుంది.

ఇక ప్రత్యామ్నాయాల సంగతి. సందేహించేవాడు "ఇది కాదు" అని ఊరుకుంటే చాలదని, "మరేది" అన్నదానికి కూడా ఆధారాలు చూపాలని నా అభిప్రాయం. సూర్యుడే కారణమైతే గాలి కింది నుంచి పైదాకా వేడెక్కాలి. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి ఎగిరే బెలూన్లు సుమారు 17 కిలోమీటర్ల ఎత్తులో మైనస్ 80 డిగ్రీల దరిదాపు చలిని దాటి, దానికి పైనున్న గాలి పొర అయిన స్ట్రాటో ఆవరణంలోకి ప్రవేశిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే నేల వేడెక్కుతుందని, ఆ స్ట్రాటో ఆవరణం మాత్రం చల్లబడుతుందని స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టారు. ప్రపంచవ్యాప్తంగా బెలూన్లు, ఉపగ్రహాలు చేసిన కొలతల్లో అదే కనిపించింది. కింది భాగంలో ఓజోన్ తరుగుదలకు కూడా ఈ చల్లదనంలో వాటా ఉంది, పైభాగంలో ప్రధాన కారణం కార్బన్ డయాక్సైడే. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పైగా 1978 నుంచి ఉపగ్రహాలు నేరుగా కొలుస్తున్న సూర్యశక్తిలో పదకొండేళ్ల ఆటుపోట్లు తప్ప పెరుగుదల లేదు. అగ్నిపర్వతాలు ఏటా విడిచే కార్బన్ డయాక్సైడ్ మనుషులు విడిచేదానిలో ఒక్క శాతం కూడా ఉండదు.

నగరాల కాంక్రీటు వాదన ఇంతకంటే నిజానికి దగ్గరగా ఉంది. మన వాతావరణ కేంద్రం ఉన్న బేగంపేట చుట్టూ ఒకప్పుడు ఏముండేదో, ఇప్పుడేముందో చూసినవాళ్లం మనం. మన రాత్రులు వేడెక్కడంలో కాంక్రీటుకూ, ఏసీలకూ, కనుమరుగైన చెరువులకూ పెద్ద భాగమే ఉంది. దీన్ని కాదనేవారితో నేను ఏకీభవించను. అయితే భూగోళంలో అదనంగా చేరుతున్న వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రాల్లోకి పోతోంది, సముద్రం మీద కాంక్రీటు లేదు. అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఉష్ణోగ్రతల రికార్డులను అనుమానించి, సొంత బృందంతో మొదటి నుంచి లెక్క తీసి, వేడెక్కడం నిజమేనని, దానికి కారణం దాదాపు పూర్తిగా మనుషులేనని 2012లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. మన ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు థర్మామీటరు స్టేషన్ల జోలికే పోకుండా, దేశంలోని అనేక బోరు రంధ్రాల్లో లోతు లోతున ఉష్ణోగ్రత కొలిచారు. నేల పైభాగం వేడెక్కితే ఆ జాడ రాతిలోకి మెల్లగా దిగుతుంది. దాన్ని వెనక్కి చదివి, గత 150 ఏళ్లలో నేల సుమారు 0.9 డిగ్రీలు వేడెక్కిందని 2002లో తేల్చారు.

1966 నాటి రికార్డుకు నా జవాబు ఇదీ. ఒక ఊరి ఒక రోజు గరిష్ఠం ఆ రోజు వీచిన గాలి మీద, ఆలస్యమైన రుతుపవనాల మీద ఆధారపడుతుంది. సగటు వేరు, అంచు వేరు. అంతేకాక 1901 నుంచి 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలే పెరిగింది, ప్రపంచ సగటు కంటే తక్కువ. మన పొగ, ధూళి ఎండను కొంత అడ్డుకోవడం, సాగునీరు విస్తరించడం దీనికి కారణాలుగా గుర్తించారు. ఆ పొగ మన ఊపిరితిత్తులకు మంచిది కాదు, దాన్ని తగ్గించాలి. తగ్గించినప్పుడు దాని చాటున ఉన్న వేడి బయటపడుతుంది. బావమరిది ఈ మాటకు చాలాసేపు ఏమీ అనలేదు.

ఈ సిద్ధాంతం జనాన్ని భయపెట్టడానికి పుట్టిందన్న మాట మాత్రం వినలేకపోతున్నాను. మూలపడిన అరీనియస్ లెక్కను 1938లో మళ్లీ పైకి తెచ్చిన గై కాలెండర్ వాతావరణ శాస్త్రవేత్త కాదు, మా వృత్తివాడే, ఆవిరి మీద పనిచేసిన ఇంజనీరు. ఖాళీ వేళల్లో ప్రపంచం నలుమూలల ఉష్ణోగ్రతల పట్టికలు కూర్చుకుని, భూమి వేడెక్కుతోందని, బొగ్గు మండి వెలువడే కార్బన్ డయాక్సైడే కారణమని లండన్‌లో వాతావరణ శాస్త్రజ్ఞుల ముందు చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. ఆ వేడి మనుషులకు మేలే చేస్తుందని ఆయన అనుకున్నాడు. భయపెట్టాలనే ఉద్దేశం లేని మనిషి, కేవలం లెక్క తోడుగా ఈ నిర్ణయానికి వచ్చాడు.

సందేహానికి నిజంగా చోటున్న ప్రశ్న వేరే ఉంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే దాని ఒక్కదాని ప్రభావం ఒక డిగ్రీ పైచిలుకు. ఆవిరి, మంచు, మబ్బులు కలిసి దాన్ని ఎంతకు పెంచుతాయి? 1979లో అమెరికా శాస్త్రజ్ఞుల సంఘం 1.5 నుంచి 4.5 డిగ్రీలంది. 2021 నాటి ఐపీసీసీ అంచనా 2.5 నుంచి 4. నలభై ఏళ్ల శ్రమ తర్వాత కూడా ఇంత వెడల్పు మిగలడానికి ప్రధాన కారణం మబ్బులు. పలచని ఎత్తు మబ్బు వేడిని పట్టి ఉంచుతుంది, దట్టమైన తక్కువ ఎత్తు మబ్బు ఎండను తిప్పికొడుతుంది. వేడెక్కిన ప్రపంచంలో ఏది ఎంత మారుతుందన్నది ఇంకా తేలుతూనే ఉన్న లెక్క. 2.5కూ 4కూ మధ్య తేడా దక్కన్ పీఠభూమి మీద బతికే వాళ్లకు చిన్నది కాదు. మా బావమరిదికి ఈ ప్రశ్న నచ్చింది. గన్ తీసుకుపోయి ఇప్పటిదాకా తిరిగి ఇవ్వలేదు. నిర్మలంగా ఉన్న రాత్రుల అంకెలు ఒక పేజీలో, మబ్బు రాత్రుల అంకెలు ఎదుటి పేజీలో, మబ్బు పలచనిదా దట్టమైనదా అన్న గమనికతో సహా, ఒక పాత డైరీలో రాసుకుంటున్నాడు.